మా ఇంటికి కరాటే మాస్టారు వచ్చిన రోజు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి పిల్లలం రెండు జట్లుగా చీలిపోయాం. కుంగ్‌ఫూ గొప్పదని ఒక జట్టు, కరాటే గొప్పదని ఇంకో జట్టు. చైనా ఎక్కడుందో, జపాను ఎక్కడుందో మాలో ఒక్కరికీ తెలియదు. ఆదోని సినిమా హాల్లో ఆ ఫైటింగు సినిమాలు ఆడేవి. చూసి వచ్చినవాళ్ళు వీధిలో గాలిని తన్నుకుంటూ తిరిగేవాళ్ళు, చూడనివాళ్ళు వాళ్ళను చూసి నేర్చుకునేవాళ్ళు. ఆడపిల్లనని నన్ను తన్నులాటకు రానిచ్చేవాళ్ళు కాదు. వాదనకు మాత్రం నన్ను ఆపగలిగినవాడు ఆ వీధిలో లేడు.

నాది కుంగ్‌ఫూ జట్టు. బక్కపలచని ముసలాయన ఒకడు, మీదికి దూకిన వస్తాదు చేతిని పట్టి గుండ్రంగా తిప్పి, వాడి ఊపుతోనే వాణ్ణి పడేయడం నాకు మహా ముచ్చటగా ఉండేది. మా అన్నకు ఆ తిప్పుళ్ళు నచ్చవు. కరాటే దెబ్బ తిన్నగా పోతుందని, ఒకటి తగిలితే రెండోది అక్కర్లేదని అనేవాడు. "తగిలేలోపల మావాడు పక్కకు జరిగితే?" అని నేను. "జరగనీకుండా కొట్టేదే కరాటే" అని వాడు. అన్నం దగ్గర కూడా ఇదే గొడవ. చివరికి మా అవ్వకు విసుగొచ్చి, ఆ చైనావాణ్ణీ జపానువాణ్ణీ వాకిట్లో కూర్చోబెట్టి వచ్చి తినమనేది.

మా అన్నవి ఉత్త మాటలు కావు. ప్రతి ఆదివారం బస్సెక్కి ఆదోని పోయి, మూతపడిన ఒక పత్తి మిల్లు ఆవరణలో ఒక మాస్టారి దగ్గర కరాటే నేర్చుకునేవాడు. వాడి తెల్ల దుస్తులు మా మగ్గం మీద నేసిన గుడ్డతోనే మా అమ్మ కుట్టింది. చేతులు గట్టిపడాలని మాస్టారు చెప్పారట. అన్న బక్కెట్లో ఇసుక పోసి అందులో వేళ్ళు పొడిచేవాడు. అది చాలదని ఇసుకలో కంకర కలిపాడు. పెరట్లో గుంజకు కొబ్బరి తాడు చుట్టి పొద్దున్నే గుద్దేవాడు. కొన్నాళ్ళకు పిడికిలి కణుపులు వక్కల్లాగా లేచాయి, వేళ్ళ కొసలు మొరటుబారాయి. అవి తాకి చూడమని నా ముందు చెయ్యి చాపేవాడు. ఆదోనిలో జరగబోయే ప్రదర్శనలో నాపరాయి బండ పగలగొట్టడానికి మాస్టారు వాణ్ణే ఎంచుకున్నారని తెలిసిన రోజు, వాడి కాళ్ళు నేలమీద నిలవలేదు.

చిక్కు మగ్గం దగ్గర వచ్చింది. మగ్గం మీది నిలువు దారాలను పడుగు అంటారు. ఒక పడుగు అయిపోవస్తే, దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని రెండు పోగులనూ కలిపి మెలిపెడితే ముడి కనిపించకుండా కలిసిపోతాయి. మా ఇంట్లో ఆ పని అన్న చేసినంత నాజూగ్గా ఎవరూ చేయలేరు. ఆసారి సన్న నూలు చీరల పడుగు. అన్న కూర్చుని అతుకుతుంటే పోగులు వాడి వేళ్ళ గరుకుకు తగులుకుని తెగిపోతున్నాయి. మళ్ళీ అతుకుతున్నాడు, మళ్ళీ తెగుతున్నాయి. మా నాయన వచ్చి వాడి చెయ్యి తిప్పి చూశాడు. ఇల్లెగిరిపోయేట్టు అరుస్తాడనుకున్నాం. అరవలేదు.

"ఈ చెయ్యి ఇంగ నూలుకు పనికిరాదు. కరాటే కావల్నో, మగ్గం కావల్నో నువ్వే తేల్చుకో" అన్నాడు.

అన్న తేల్చుకోలేకపోయాడు. వాడికి రెండూ ప్రాణమే. మగ్గం మీద కొత్త అంచు వేసినప్పుడు వాడి ముఖం ఎలా ఉండేదో, ఆదోని బస్సు దిగి వచ్చినప్పుడూ అలాగే ఉండేది. ఆ ఆదివారం బస్సు వెళ్ళిపోయింది, వాడు గడప మీదే కూర్చుండిపోయాడు. కరాటే జట్టు ఓడిపోయినట్టే కదా, నేను సంబరపడాలి. కానీ వాణ్ణి అలా చూసేసరికి నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి వారం కూడా అన్న పోకపోయేసరికి మాస్టారే ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కరాటే మాస్టారంటే తలుపులో పట్టనంత మనిషి అనుకున్నాను. తీరా చూస్తే మా అమ్మకంటే పొట్టి. రబ్బరు చెప్పులు, చేతిలో అరటిపళ్ళ సంచి. అమ్మ మంచినీళ్ళిచ్చింది. నాయన, కాళ్ళు దించుకుని నేసే మగ్గం గుంటలోంచి లేవనైనా లేవలేదు.

"సూడు సార్, నీ కరాటే ఇద్దె మంచిదే. మా పిల్లోని చెయ్యి మాత్రం ముందు మాదిరి నాకు తెచ్చియ్యి" అన్నాడు.

మాస్టారు అన్న చేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్ళ కొసలు తడిమారు. వెళ్ళి సన్న చీరల పడుగు మీద ఒక పోగును తాకారు. ఆయన ముఖం చిన్నబోయింది. "వీడు నేసే పిల్లోడని నాకు తెల్దన్నా. అందరికీ ఒకే ఇసక పెట్టినా. అడగల్సింది, అడగల్యా" అన్నారు. పెద్దవాళ్ళు అలా ఒప్పుకోవడం నేను అప్పటిదాకా వినలేదు.

ఇంతకంటే మంచి అదను దొరకదని నేను గబుక్కున అడిగేశాను, కుంగ్‌ఫూ గొప్పదా, కరాటే గొప్పదా అని. నాయన కళ్ళెర్రజేసి, "నీ చైనా తగలబడ, లోపలికి పో" అన్నాడు. మాస్టారు మాత్రం నవ్వేశారు. "అడగనీ అన్నా. నేనూ శానా దినాల్నుంచి ఇదే అడుగుతాండా" అన్నారు.

తను నేర్చిన కరాటే కూడా మొదట చైనా నుంచి ఓడల మీద జపాను దీవులకు చేరిందేనని అంటారని ఆయన చెప్పారు. దీవులవాళ్ళు దాన్ని కుదించి, తిన్నగా చేసి, ఒక్క దెబ్బలో ఒళ్ళంతా పెట్టడం నేర్చారట. చైనాలో ఒక్క పద్ధతి కాదట. ఎగిరి తన్నేవాళ్ళు కొందరైతే, మనిషికి అంటుకుని నిలబడి, అవతలివాడి బలం ఎటు పోతోందో చేత్తోనే కనిపెట్టేవాళ్ళు కొందరు. అలా అంటుకుని చేసే పద్ధతిని ఆయన బళ్ళారిలో ఒకాయన దగ్గర కొంత నేర్చుకున్నారు. "మరి ఎక్కువ బలం దేంట్లో ఉంది?" అని నేను వదల్లేదు. ఆయన నన్ను పెరట్లోకి తీసుకుపోయి, దండెం మీది తడి తువ్వాలును పిడికిలితో కొట్టమన్నారు. కొట్టాను. అది ఊగి ఊరుకుంది. అదే తువ్వాలును ఆయన కొస పట్టి విదిలిస్తే టపీమని పేలింది. "గుడ్డ అదే, బలం ఇసిరే తీరులో ఉండాది" అన్నారు. నేను ఎగిరి గంతేసి, మళ్ళీ చేయమన్నాను.

లోపలికి వచ్చాక ఆయన నాయనను ఒక కోరిక కోరారు. నేస్తుండగా వీపు మీద చెయ్యి పెట్టి చూడనిమ్మని. నాయన అనుమానంగానే, తను నేస్తున్న దుప్పటి మీద పేక పోగు మోసే నాడెను విసిరి, ఆ పోగును బిగించే పలక లాగి కొట్టాడు. మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి.

"చేత్తో కొడతాండావు అనుకుంటి. నడుముతో కొడతాండావే!"

"దుప్పటికైతే ఇట్ల కడుపులోంచి లాగి కొట్టల్ల. ఆ సన్న నూలుకు అంత బలం పెడితే సచ్చిపోతాది. దానికి మోచెయ్యే సాలు" అని నాయన రెండు రకాలూ చేసి చూపించాడు. తన పని గురించి నాయన అంతసేపు మాట్లాడడం మేమెవరం చూడలేదు. అడిగినవాళ్ళూ లేరు మరి.

అంతా అయ్యాక గుంటలోంచి పైకి వచ్చి, "మరి నీది సూపియ్యి" అన్నాడు నాయన. మాస్టారు నూలు మూట ఒకటి నాయన గుండెలకు ఆనించి గట్టిగా పట్టుకోమన్నారు. అరచేయి దాని మీద ఆనించారు. చెయ్యి వెనక్కి లాగలేదు, అరవలేదు. మడమ నేలకు అదిమినట్టు, నడుము కొంచెం తిరిగినట్టు అనిపించింది, అంతే. నాయన మూటతో సహా వెనక్కి పోయి నూలు కుప్పలో కూలబడ్డాడు.

మా నాయన మామూలు కోపిష్టి కాదు. సంతలో ఎవరో తన మాటకు నవ్వారని నెలల తరబడి వాళ్ళ ముఖం చూడని మనిషి. అలాంటివాడు పెళ్ళాం బిడ్డల ముందర, కన్నతల్లి ముందర, పొట్టి మనిషి చేతిలో కాళ్ళు పైకి పెట్టి పడ్డాడు. అన్నకు ఇక కరాటే లేనట్టేనని నాకు అర్థమైంది. మాస్టారు కూడా కంగారుగా చెయ్యి అందించారు.

నాయన ఆ చెయ్యి అందుకోలేదు. తనే లేచాడు. నెత్తిన నూలు పోగులు వేలాడుతున్నాయి. మూటను మళ్ళీ గుండెలకు ఎత్తుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"ఇంగొకసారి చెయ్యప్పా. ఈసారి నిదానంగా. ఆ బలం యాడ్నించి వస్తాందో సూడల్ల" అన్నాడు.

మా అవ్వ పకపకా నవ్వింది. ఆ సాయంత్రం నాయన ఎన్నిసార్లు పడ్డాడో, పడినప్పుడల్లా చిన్నపిల్లాడిలా ఎంత నవ్వాడో చెప్పలేను. అరటిపళ్ళు అందరం కలిసి తిన్నాం.

అన్న మళ్ళీ ఆదోని బస్సెక్కాడు. ఇసుక బక్కెట్టు మాత్రం పోయింది. మాస్టారు వాడికి తను బళ్ళారిలో నేర్చిన ఆ అరచేతి విద్య మొదలుపెట్టారు. ప్రదర్శనలో నాపరాయిని వేరే పిల్లవాడు పగలగొడితే జనం ఈలలు వేశారు. అన్న తెరిచిన చేతులతో నిదానంగా చేసిన అడుగులకు ఏదో మర్యాదకు చప్పట్లు పడ్డాయి. వాడికి బాధేసింది, తిరుగు బస్సులో నాతో మాట్లాడలేదు. నూనె రాయగా రాయగా వేళ్ళు మెత్తబడి, పడుగు అతకడం మళ్ళీ వాడి పనే అయింది. పెద్దయ్యాక మిద్దె మీద పిల్లలకు నేర్పుతూ, తన్నడానికి నన్నూ రానిచ్చాడు.

కుంగ్‌ఫూ గొప్పదో కరాటే గొప్పదో నాకు ఈరోజుకీ తెలియదు. మా మనవళ్ళు ఫోనులో చూసి కొట్లాడుకుంటుంటే నేనూ వెళ్ళి చెవి వేస్తాను. నాలో నిలిచిపోయింది మాత్రం వేరే ఉంది. నన్ను కర్ణాటక సరిహద్దున ఉన్న హొళగుందకు ఇచ్చారు. అత్తగారింట్లో అందరిదీ కన్నడం. కొత్తలో ఒకరోజు బంధువుల నడుమ నేను కన్నడంలో ఏదో తప్పుగా అంటే ఇల్లంతా గొల్లున నవ్వింది. ఒళ్ళు మండిపోయింది, పుట్టింటికి పోదామని లేచాను కూడా. లేచేసరికి మా నాయన గుర్తొచ్చాడు, నెత్తిన నూలు పోగులతో, మూట ఎత్తుకుని నిలబడి. నవ్వుతున్న మా అత్త దగ్గరికే పోయి, ఆ మాట ఎలా అనాలో ఇంకొకసారి చెప్పమని, నిదానంగా చెప్పమని అడిగాను. ఆమె నవ్వు ఆపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.