సబ్బు నురగలో కొత్త పాట

సెలూన్ బాబాయి సినిమా పాటలు పెట్టడు. ఊరూ పేరూ లేని పిల్లలు ఇంట్లో పాడుకుని నెట్‌లోకి ఎక్కించిన, ఎవరూ వినని పాటల్ని ఏరి తెచ్చుకుంటాడు. వచ్చినవాడి మొహానికి నురగ పట్టించాకే పాట మొదలుపెట్టి, మెడ మీద కత్తి ఆనించి, "ఎలా ఉంది?" అంటాడు. బాలేదనే ధైర్యం ఎవరికుంటుంది? కానీ ఒక్కడైనా మనసారా మెచ్చుకోవాలని బాబాయి ఆశ.

ఓ పొద్దున బస్సు కండక్టరు కుర్చీలో కూలబడి, "నీ పిచ్చి పాటలొద్దు బాబాయ్, డ్యూటీకి టైమైపోతోంది" అన్నాడు. బాబాయి విననట్టే ఎవరో కొత్తమ్మాయి పాట పెట్టాడు. గడ్డం పూర్తయింది, పాట కాలేదు. కండక్టరు లేవలేదు. అద్దంలా నున్నగా ఉన్న చెంప తడుముకుని, "ఈ పక్క ఇంకా గరుగ్గా ఉందేంటి? మళ్ళీ గియ్యి" అన్నాడు. బాబాయి మళ్ళీ నురగ పట్టించి, పాటను మొదటికి తిప్పాడు.