కాలనీల చక్రవర్తి

పొద్దున్నే ఫోను మోగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నాకు అనదు. అది రెండో ఫేజు అవ్వ అని నాకు తెలుసు. ఆత్మకూరు ఊరి చివర మేముంటున్న కాలనీకి సంక్షేమ సంఘం కార్యదర్శిని నేను (ఎన్నుకున్నారనుకునేరు, ఆ రోజు మీటింగుకు రానివాణ్ణి నేనొక్కణ్ణే). అవ్వ హలో అనదు, బాగుండావా అనదు. "అబ్బయా, కొళాయి దగ్గుతా ఉండాది" అంటుంది. నిన్న బుసకొట్టిందట. మొన్న అసలేమీ అనలేదట, అది ఇంకా భయంగా ఉందట. మనిషి పళ్ళయినా తోముకోకముందే ఇంకొకరి కొళాయి ఆరోగ్యం గురించి వినాలని ఏ చట్టంలోనూ రాసి లేదు. కాలనీ మొగదల నేను దగ్గరుండి కట్టించిన ఆర్చి ఉంది, పైన రెండు సింహాలతో సహా. దాని గురించి మాత్రం ఇంతవరకూ ఒక్కరూ ఫోను చేయలేదు.

మా కుర్రతనంలో ఇలాంటి చిల్లర ఫిర్యాదులు ఉండేవి కావు. ఉన్నా మా దాకా వచ్చేవి కావు, ఎందుకంటే మేం చాలా ఎత్తున, నక్షత్రాల మధ్య మసిలేవాళ్ళం. కంప్యూటర్లతో డిగ్రీ చదివినవాణ్ణి చూసి ఊరు పక్కకు తప్పుకుని దారి ఇచ్చిన కాలం అది. పట్టా చేతికి రాగానే ప్రపంచం మన కోసం బస్టాండులో కాచుకుని ఉంటుందని నేనూ నమ్మాను. ప్రపంచం రాలేదు. ఉదయగిరి బస్సు వచ్చింది, అందులోంచి మా నాయన దిగాడు. ఉదయగిరి కొండ కింద మాకు చెక్క గరిటెల అంగడి ఉంది. "ఉద్యోగం దొరికితే ఈడుండు. లేదంటే వచ్చి అంగట్లో కూర్చో. గరిటెలమ్మేదానికి డిగ్రీ ఏం అడ్డం రాదులే" అన్నాడు నాయన, చాలా ఉదారంగా. నాకు గరిటెల మీద పగ లేదు. కాకపోతే బతికినంత కాలం "ఇది పప్పుకా, కూరకా?" అనే ప్రశ్నకు జవాబు చెబుతూ కూర్చోవడం నా బుర్రకు కొంచెం తక్కువ పని అనిపించింది, అంతే.

ఆత్మకూరులో నా బుర్రకు సరిపడే ఉద్యోగం ఒకటుండేది. బస్టాండు ఎదురుగా మేడమీది కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పడం. సెంటరు ఓనరు రిటైరైన మాస్టారు. మెషీనుకు ఏ రోగం వచ్చినా "రీస్టార్ట్ చెయ్" అనేవాడు గనక ఆయన పేరు రీస్టార్ట్ సార్. (ఫ్యాను తిరగకపోయినా అదే అన్నాడు. పెళ్ళాం అలిగి పుట్టింటికి పోయిందని ఒకాయన వచ్చి మొత్తుకుంటే ఆయనతోనూ అదే అన్నాడంటారు, నేను వినలేదు.) ఆ ఉద్యోగానికి నాకు పోటీ మా మేనమామ కొడుకు. చేజర్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో వాళ్ళ తాత ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు. పదవి తాతతోనే పోయింది గానీ పేరు మాత్రం మనవడికి మిగిలింది. నాకంటే కొంచెం పెద్ద గనక నాకు బావ, మిగతా లోకానికి ప్రెసిడెంటు. కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్ని తప్పిపోయిన మేకను వెతికినట్టు వెతికేవాడు, దొరికితే వదిలేవాడు కాదు, తెర నిండా అదే అక్షరం పడేది. ఇతనితో నాకు పోటీ ఏమిటని జాలిపడ్డాను. కానీ వచ్చినప్పుడల్లా "సార్, టీ తాగినారా?" అని అడిగి రీస్టార్ట్ సార్ మనసులో చోటు సంపాదించాడు. నేను అలాంటి చవకబారు పనులు చేసేవాణ్ణి కాను. సార్ టీ తాగాడా లేదా అన్నది పాఠ్యాంశాల్లో లేదు.

ఇద్దరిలో ఎవరిని తీసుకోవాలో సార్‌కు తేలలేదు. ఆ సమయంలో ఎవరో మరిచిపోయిన ఒక సీడీ సెంటర్లో పడి ఉండేది, మీద కాగితం ఊడిపోయి పేరు కూడా తెలియదు. అంతరిక్షంలో సామ్రాజ్యం కట్టుకునే ఆట. ఒక ఆదివారం, ఆరాధన ముగించుకుని తెల్లచొక్కాతో నేరుగా సెంటరుకు వచ్చిన సార్ తీర్పు చెప్పాడు. "మీ ఇద్దరూ ఈ ఆట ఆడండి. గెలిచినోడు బ్యాచికి పాఠం చెప్తాడు. ఓడినోడు ఏడవగూడదు, వాళ్ళమ్మను తీసుకురాగూడదు." నా ఉద్యోగం ఖాయమైందని ఆ మధ్యాహ్నమే నాయనకు ఫోను చేసి చెప్పాను. "చేరినాక చెప్పు" అని పెట్టేశాడు.

ఆ ఆట ఎరగనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. తెర నిండా చుక్కలుంటాయి, చుక్కల చుట్టూ గ్రహాలు. మొదట నీ చేతిలో ఒక గ్రహం, ఒక బక్క ఓడ. ఓడను అటూ ఇటూ తిప్పి తిండి పండే గ్రహమేదో, ఖనిజం దొరికేదేదో చూసుకోవాలి. తర్వాత కాలనీ ఓడ అని ఒకటి కట్టి, దాంట్లో జనాన్ని ఎక్కించి, నచ్చిన గ్రహం మీద దించాలి. ఇక అది నీది. గ్రహాలు పెరిగితే ఖనిజం పెరుగుతుంది, ఖనిజంతో ఓడలు కట్టవచ్చు, ఓడలతో మళ్ళీ గ్రహాలు పట్టవచ్చు. నువ్వొక ఎత్తు, అవతలివాడొక ఎత్తు. మధ్యలో మెషీను నడిపే చిన్నాచితకా రాజ్యాలు. వాటితో పోట్లాడవచ్చు, సంధి చేసుకోవచ్చు, ఏమీ తోచకపోతే కుశలం అడిగే బటను కూడా ఒకటి ఉంటుంది. ఇవన్నీ కాక ప్రతి గ్రహం పక్కనా గోళీ అంత మొహం బొమ్మ ఒకటి. అక్కడి జనం సుఖంగా ఉంటే నవ్వుతుంది, లేకపోతే మూతి ముడుస్తుంది. ఆ బొమ్మలు పిల్లలు చూసుకోవడానికి పెట్టినవని నేను మొదటి రోజే నిర్ధారించుకున్నాను.

నా వ్యూహం సరళం: కనిపించిందల్లా నాదే. నా రాజధాని పేరు ఉదయగిరి. పక్కదానికి ఆత్మకూరు అని పెట్టాను. చేజర్ల అని ఒక రాతిగడ్డకు పేరు పెట్టి బావకు చూపించాను (అతను నొచ్చుకోలేదు, అది నాకు నచ్చలేదు). గాలీ నీరూ లేని ఒక దిక్కుమాలిన ముద్దకు గరిటె అని పేరు పెట్టి, జనాన్ని దించేసి, వెనక్కి తిరిగి చూడలేదు. బావ మాత్రం మొదటి కాలనీ ఓడను కట్టి, దాన్ని ఒక గ్రహం మీద నిలబెట్టి, మౌసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఏంది బావా, దించు."

"రేయ్, ఈడ నీళ్ళుండాయా?"

"ఇది అంతరిక్షం బావా."

"అంతరిక్షమైతే? కాలనీ అంటా ఉండాది గదా. కాలనీ అన్నాక నీళ్ళు, లైట్లు, దోవ ఉండొద్దా?"

నాకు విషయం అర్థమై కళ్ళనీళ్ళు వచ్చేంత నవ్వు వచ్చింది. నాకు కాలనీ అంటే చరిత్ర పుస్తకంలో తెరచాపల ఓడలు, జెండా పాతడాలు. ప్రెసిడెంటుకు కాలనీ అంటే వాళ్ళ ఊరి బయట వరసగా కట్టిన పక్కా ఇళ్ళు. "నవ్వు నవ్వు" అన్నాడు బావ. "మా తాత కాలనీ కట్టించి, బోరు మాత్రం రేపేస్తాం మాపేస్తాం అన్నాడు. ఆడోళ్ళు ఖాళీ బిందెలు వాయించుకుంటా ఇంటిమీదికొచ్చినారు. ముసలాయన పెరటి గోడ దూకి పారిపోయినాడు. ఆ ప్రెసిడెంటుగిరీ ఆడితో సరి." ఆ మాట చెప్పి, ఖగోళ చరిత్రలో ఎవరూ చేయని పని చేశాడు. కాలనీ ఓడను అక్కడే ఆపి, ముందు నీటి కర్మాగారం సరంజామా సిద్ధం చేసి, తర్వాత జనాన్ని దించాడు. ఆ జనం కాస్త కుదురుకున్నాక వాళ్ళకొక వినోదశాల కట్టాడు. అప్పటికి నేను ఆకాశంలో ఓ పక్కంతా ఊడ్చేశాను. "వాళ్ళకు సినిమాహాలు ఎందుకు బావా, యుద్ధానికి పోయేవాళ్ళకు?" అంటే, "ఊరికే కూర్చుంటే ఏం చేస్తారురా, నిన్ను తిడతారు" అన్నాడు.

దీనికి తోడు కుశలం బటను. తన వంతు వచ్చినప్పుడల్లా చుట్టుపక్కల ఉన్న రాజ్యాలకూ గ్రహాలకూ, నావాటితో సహా, ఒక్కొక్కదానికీ వరసగా ఆ బటను నొక్కుకుంటూ పోయేవాడు. ఎన్నికలకు ముందు ఇంటింటికీ పోయి "పెద్దమ్మా, బాగుండావా?" అని అడిగే వంశం మరి. అంతసేపూ నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోవాలి. "సార్, టైం వేస్టు చేస్తా ఉన్నాడు" అని ఫిర్యాదు చేశాను. రీస్టార్ట్ సార్ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "పలకరించనీలేరా, నోరు అరిగిపోద్దా" అన్నాడు. పక్షపాతం అప్పుడే కనిపెట్టి ఉండాల్సింది.

ఇలా కొన్ని ఆదివారాలు గడిచాయి. ఆకాశంలో సగానికి పైగా నా రంగే. బావకున్నవి చిన్న తువ్వాల్లో మూటగట్టేన్ని గ్రహాలు. ఇక ముగిద్దామని నా ఓడలన్నిటినీ ఒకచోట చేర్చి, అతని వైపు కదిలించాను. సోమవారం ఏ చొక్కా వేసుకుని పాఠం చెప్పాలా అని కూడా ఒక పక్క ఆలోచిస్తున్నాను. ఓడలు సగం దూరం పోయాయో లేదో, తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి. గరిటె స్వాతంత్ర్యం ప్రకటించుకుంది.

గరిటె పోతే పోయిందని నేను చలించలేదు. మరుసటి ఎత్తులో రాతిగడ్డ చేజర్ల పోయింది. దాంతో అక్కడ కట్టిన ఓడలు దారి మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, నా వైపే గురిపెట్టాయి. అప్పుడు మొదటిసారి ఆ గోళీ మొహాలను చూశాను. ఒక్కటీ నవ్వడం లేదు. కొత్త కాలనీ పెట్టినప్పుడల్లా పాతవాటి మూతి ఇంకాస్త ముడుచుకుంటుందట. ఆ సంగతి సహాయం అనే పేజీలో ఉందట. సహాయం పేజీ చదివే చక్రవర్తిని మీరు ఎక్కడైనా చూశారా? విడిపోయిన గ్రహాలు ఊరుకున్నా బాగుండేది. అవి తమతో ఎవరు మంచిగా ఉన్నారో లెక్క చూసుకుని, ఒకదాని వెనక ఒకటి బావ రాజ్యంలోకి నడిచి వెళ్ళాయి. ఇన్ని ఆదివారాల నుంచి వాటిని బాగుండారా అని అడిగినవాడు అతనొక్కడే.

"సార్, ఆట చెడిపోయింది" అన్నాను.

"రీస్టార్ట్ చేద్దామా?" అన్నాడు సార్ ఆశగా.

"వొద్దు సార్" అన్నాడు బావ. "ఇప్పుడే గదా జనం కుదురుకుంటా ఉండారు."

చివరికి ఉదయగిరి, నా రాజధాని, నా సొంత ఊరి పేరు పెట్టుకున్న గ్రహం, అదీ రంగు మార్చింది. బావ నా భుజం మీద చెయ్యేసి, నిజంగానే బాధగా, "రేయ్, ఉదయగిరోళ్ళు కూడా వచ్చేసినార్రా. నేనేం పిలవలేదు. నువ్వేం దిగులు పడబాక, అందరికీ కొళాయిలు ఏపిస్తా" అన్నాడు. ఓడిపోయినందుకు కాదు, ఆ ఓదార్పుకు నాకు ఒళ్ళు మండింది. సార్ శనక్కాయ తొక్కలు దులుపుకుని, "సోమవారం నుంచి ప్రెసిడెంటు పాఠం చెప్తాడు" అన్నాడు. నేను ఏడవలేదు. అమ్మను తీసుకురాలేదు. ఉదయగిరి బస్సెక్కాను. నాయన గరిటెల మధ్య ఖాళీ స్టూలు ఒకటి ముందే వేసి ఉంచాడు. ఆ ముందుచూపు మీద నాకు చాలాకాలం గౌరవం కలగలేదు.

ఇన్నేళ్ళ తర్వాత కూడా నా అభిప్రాయం మారలేదు. ఆ ఆట తయారుచేసినవాడికి సామ్రాజ్యాల గురించి ఏమీ తెలియదు. జనం మూతి ముడుచుకున్నంత మాత్రాన రాజ్యాలు కూలితే ప్రపంచంలో ఒక్క రాజ్యమైనా మిగులుతుందా? ప్రెసిడెంటు విషయానికొస్తే, సెంటరు మూతపడ్డాక ఊరికి పోయి నిజంగానే ప్రెసిడెంటయ్యాడు. వాళ్ళ ఊళ్ళో ఏ ఇంట్లో కొళాయి తిప్పినా నీళ్ళు వస్తాయట. ఆ సంగతి అతను నాకు చెప్పడు. మా అత్త చెబుతుంది, ప్రతి పెళ్ళిలోనూ. నేను గరిటెల అంగడిని ఆత్మకూరుకు మార్చుకున్నాను. నేను కార్యదర్శి అయ్యాక కాలనీకి రెండో ఫేజు వచ్చింది, ఇప్పుడు మూడో ఫేజుకు రాళ్ళు పాతించాం. మ్యాపులో నాలుగో ఫేజుకు కూడా రంగు వేసి పెట్టాను. ఆ మ్యాపు అంగట్లో గోడకు తగిలించి ఉంది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో దాన్ని చూస్తూ కూర్చుంటే, తెర నిండా తన రంగు చూసుకుని సోమవారం వేసుకోబోయే చొక్కా గురించి ఆలోచించిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. పాపం, ఎంత నమ్మకంగా ఉండేవాడో. ఒకవేళ ఎదురుపడితే వాడికి ఏం చెప్పాలో తెలియక, ఒక మంచి గరిటె చేతిలో పెట్టి పంపిస్తానేమో.

ఈ రోజు పొద్దున నేను ఫోను ఎత్తలేదు. మూడో ఫేజు మొగదల కట్టించిన కొత్త ఆర్చికి రంగు ఆరిందో లేదో చూద్దామని పోయాను. దీని మీద నాలుగు సింహాలు. ఫోను ఎత్తలేదు గనక రెండో ఫేజు అవ్వే నడిచి వచ్చింది, చంకలో ఖాళీ బిందెతో. వచ్చి నా పక్కన నిలబడి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, సింహాలను ఒక్కొక్కదాన్నే తీరిగ్గా చూసింది.

"బాగుండాయి అబ్బయా. మరి వీటికి నీళ్ళెవురు పోస్తారు?" అంది.