అత్తగారి అరెకరం సార్వా

మా అత్తగారు పోయారు. మొన్న గురువారం పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, అరుగు మీద కూర్చున్నారట. అంతే. మా తోటికోడలు ఫోన్లో చెబుతుంటే నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. అత్తగారితో అనాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

మాది గోదావరి కాలవ శివారు పల్లె. వానాకాలం వేసే సార్వా వరి ఇంటి తిండికి, ఆ తర్వాత కాలవ నీటితో వేసే దాళ్వా అమ్మకానికి. నేను కాపురానికి వచ్చిన కొన్నేళ్లకి వానలకు తిక్క పుట్టింది. సరిగ్గా కోతల వేళకే దిగేవి. రెండేళ్లు వరసగా సార్వా నీటిపాలైంది. "ఇక సార్వా మానేద్దాం. దాళ్వా ఒక్కటే చాలు" అన్నారు మా ఆయన. ఊళ్లో చాలామంది అదే మాట. నేనూ తలూపాను.

అత్తగారు ఒక్కరే ఒప్పుకోలేదు. "కాలవ రాకపోతే పిల్లలకేం పెడతావురా? ఆ మెరక అరెకరం నాకొదిలెయ్. నే చూసుకుంటాను."

పదిహేను రోజుల తేడాతో రెండు నారుమళ్లు పోయించారు. "రెండెందుకండీ, విత్తనాలు దండగ" అని సణిగింది నేనే. మొదటిది మునిగి కుళ్లిపోయింది. రెండోదే నాటారు.

తీరా కోసి పనలు చేలో పరిచాక మళ్లీ ముసురు పట్టింది. ఆవిడ నా చేతికి బకెట్ ఇచ్చి చేలోకి లాక్కుపోయారు. తడిసిన గింజ మొలకెత్తకుండా పనల మీద ఉప్పునీళ్లు చల్లాలి. మోకాళ్లదాకా బురద, నడుం విరిగిపోతోంది.

"అన్నం ఉప్పగా ఉండదాండీ?" అన్నాను కచ్చగా.

"ఉంటే పచ్చట్లో తగ్గించుకుందువుగాని. ముందు చల్లవే అమ్మాయ్!"

అంత బురదలోనూ పకపకా నవ్వేశాను. ఆ ధాన్యాన్ని హాల్లో, పడగ్గదిలో పరిచి ఫ్యాన్ల కింద ఆరబెట్టాం. వారం పాటు ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. మా ఆయన గుమ్మంలోంచే కేకలేశారు. ఆవిడ మాత్రం పాదాలతో గింజలు తిరగదోస్తూ పక్కింటావిడతో కబుర్లు చెప్పుకున్నారు.

మా దగ్గర ముసురేగాని, ఎగువన వానల్లేక ఆ ఏడు గోదారి ఎండింది. శివారు చేలకు దాళ్వా నీళ్లు వదల్లేదు. నేల బీటలు వారింది. రైతులై ఉండి బియ్యం కొట్టు ముందు నిలబడ్డ ఇళ్లెన్నో! మా ఇంట్లో ఆ అరెకరం ధాన్యం ఉంది. ఆవిడ పూట పూటకీ కొలిచి ఇచ్చేవారు, పిల్లలకు మాత్రం ఏ పూటా తగ్గనివ్వలేదు. "నే చెప్పలేదా" అని ఒక్కసారి కూడా అనలేదు. నేనైతే వీధంతా చాటేదాన్ని.

అత్తయ్యగారూ, తప్పు మాది. ఆ ఏడు మేం అన్నం తిన్నామంటే మీ చలవే. ఈ ముక్క మీరుండగా అనలేకపోయాను.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మా ఆయన చేను చూసొచ్చి భోజనానికి కూర్చున్నారు. నాలుగు ముద్దలు తిని, మారు వద్దన్నట్టు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"పిల్లలకుందిరా. తిను" అన్నారు అత్తగారు.

ఆయన తల ఎత్తలేదు. కన్నీళ్లు కంచంలో పడుతున్నాయి. ఆవిడ చూడనట్టే, ఆవిర్లు కక్కే అన్నం గరిటెతో పట్టుకుని, కొడుకు ఆ చెయ్యి తీసేదాకా అలాగే వంగి నిలబడ్డారు.