కొబ్బరినూనె పట్టించిన బండి

మా చిన్నప్పుడు శనివారం వచ్చిందంటే క్రైస్ట్‌చర్చ్‌లో మా అద్దింటి గ్యారేజీలో కాలు పెట్టే చోటుండేది కాదు... నేల మీద పాత దుప్పటి, దాని నిండా నట్లూ బోల్టులూ, మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చుని మా నాన్న. ఎదురుగా ఆయన ముద్దుల డర్ట్ బైక్.

ముద్దులదే గానీ మహా బద్ధకపుది. కొండ కనిపిస్తే చాలు, దానికి ఆయాసం వచ్చేసేది.

భూకంపం తర్వాత ఊరంతా మళ్ళీ కడుతున్న రోజులవి. ఆ పనుల కోసమే నాన్న ఒంగోలు నుంచి మమ్మల్ని తీసుకొచ్చారు. వారమంతా సైట్‌లో పని, ఇంటికొస్తే మౌనం. అక్కడి ఫోర్‌మన్ బ్రూస్ అంకుల్ ఒక ఆదివారం తన తమ్ముడి ఫార్మ్‌కి పిలిచారు. సైట్‌లో కొందరు అక్కడి కొండల మీద బండ్లు నడిపేవాళ్ళు. నాన్న కూడా ఎవరో వాడి వదిలేసిన బండి ఒకటి కొన్నారు. అప్పట్నుంచీ ఆదివారం సాయంత్రాలు మా ఇంట్లో నాన్న నవ్వు వినిపించేది.

కొన్నాళ్ళకి ఆ నవ్వూ తగ్గింది. "అందరూ పైన గేటు దగ్గర నా కోసమే ఆగి ఉంటారే. నేను ఈడ్చుకుంటూ వెళ్ళేసరికి హెల్మెట్లు తీసేసి కబుర్లు చెప్పుకుంటుంటారు. ఒక్క మాట అనరు... అదే సిగ్గుగా ఉంటోంది. ఈ ఆదివారం కూడా ఇంతే అయితే ఇక వెళ్ళను" అన్నారు అమ్మతో.

వెళ్ళకపోతే ఎలా అనుకున్నాను. ఈ దేశంలో మా నాన్నకున్న స్నేహితులు వాళ్ళే మరి.

ఇక మొదలైంది బండికి వైద్యం... ముందు ఖర్చు లేనివి. వెనక కారియర్ పీకేశారు. అద్దాలు పోయాయి, ఇండికేటర్లు పోయాయి. ఎలాగూ ఫార్మ్‌లో నడిపేదే, బరువు తగ్గుతుందట. "బండి బాగుచేస్తున్నారా, పాత ఇనపసామానుకి వేస్తున్నారా?" అంది అమ్మ.

తర్వాత చెయిన్ తిరిగే ముందరి పళ్ళచక్రం తీసి, ఒక పన్ను తక్కువున్నది వేశారు. పరుగు కాస్త తగ్గినా ఎత్తులో లాగుడు పెరుగుతుంది. ఇక మిగిలింది గాలి ఫిల్టరు. పేరు గొప్పే గానీ అది ఒట్టి స్పాంజి ముక్క. దాన్ని గిన్నెలు తోమే సబ్బుతో ఉతికి, హీటర్ ముందు ఆరబెట్టి, నూనె పట్టించాలి. దుమ్ము ఆ నూనెకి అంటుకుపోయి ఇంజన్‌లోకి వెళ్ళదు.

ఏ నూనె అన్నది మాత్రం నాన్న ఎవర్నీ అడగలేదు. అప్పటికే షాపులు మూసేశారు. అమ్మ వెళ్ళి వేడినీళ్ళ సిలిండర్ ఉండే అల్మరాలోంచి కొబ్బరినూనె సీసా తెచ్చింది. చలికి పేరుకోకుండా ఎప్పుడూ అక్కడే దాచేది. "మీ కూతురి జడకి పనికొచ్చింది, ఆ స్పాంజికి పనికిరాదా?" అంది. నాన్నకీ సబబుగానే తోచింది. ఇద్దరూ కూర్చుని, నా తలకి అంటినట్టే, మర్దనా చేసి మరీ పట్టించారు!

మర్నాడు పొద్దున గడ్డంతా తెల్లగా మంచు... మోకాలు నొప్పని బ్రూస్ అంకుల్ ఆ రోజు బండెక్కలేదు. అమ్మనీ నన్నూ తన యూట్‌లో, అంటే వెనక సామాన్ల తొట్టి ఉండే కారులో, ఎక్కించుకుని ముందే పై గేటు దగ్గరికి తీసుకెళ్ళారు. కింద చదునులో నాన్న బండి బాగానే వస్తోంది. కొండ మొదలవగానే దగ్గింది... ఇంకోసారి దగ్గింది... సగంలో ఆగిపోయింది.

నాన్న బండి తోసుకుంటూ పైకొచ్చారు. గేటు దగ్గర అందరూ ఆగి ఉన్నారు. ఆయన ముఖం చూడలేకపోయాను.

బ్రూస్ అంకుల్ పక్క మూత విప్పి స్పాంజి బయటికి లాగారు. పేరిన నెయ్యిలా తెల్లగా గడ్డకట్టి ఉంది. గాలి ఆడితే కదా బండి ఎక్కడానికి! వాసన చూసి, ఇదేంటని అడిగారు. అమ్మ మెల్లగా నా జడ ఎత్తి చూపించింది. అంతే, అందరూ పడీ పడీ నవ్వారు.

నాన్న తాగడానికని ఫ్లాస్కులో తెచ్చిన వేడినీళ్ళలో అమ్మే ఆ స్పాంజి పిండింది. తువ్వాలుతో అద్ది, యూట్‌లో ఉన్న ఇంజన్ ఆయిల్ పట్టించి బిగించారు.

అప్పుడు నాన్న తల దించుకునే అనేశారు. "బ్రూస్, వచ్చేవారం నుంచి నేను రాను. ప్రతిసారీ మీరంతా నా కోసం ఆగాల్సొస్తోంది."

"నీ కోసమా?" అన్నారు బ్రూస్ అంకుల్. "గేటు కోసం, మేట్! ఇక్కడ పద్ధతే అంత. ముందొచ్చినవాడు గేటు తీస్తాడు, ఆఖరివాడు దాటేదాకా ఉంటాడు. లేకపోతే మా తమ్ముడి గొర్రెలన్నీ రోడ్డు మీదుంటాయి."

నాన్న ఆ గేటు వంక ఒకసారి చూసి, హెల్మెట్ పెట్టుకున్నారు. అన్ని ఆదివారాలు ఊరికే కుమిలిపోయారు, పాపం.

తర్వాతి కొండ... అబ్బ, ఏం ఎక్కిందండీ ఆ బండి! పై గేటుకి నాన్నే ముందు. గబగబా దిగి గేటు బార్లా తీసి పట్టుకున్నారు. ఒక్కొక్కరినీ చెయ్యి ఊపి పంపించి, మా యూట్ కూడా దాటాక గొళ్ళెం పెట్టారు. "ఆడపెళ్ళివారిలా ఎలా నిలబడ్డారో చూడవే మీ నాన్న" అంటూ అమ్మ కళ్ళు తుడుచుకుంది.

పెద్దయ్యాక నేనూ చాలా ఫార్మ్‌లు తిరిగాను. అసలు పద్ధతి ఏంటంటే... ఆఖరివాడే గేటు వేసుకుని వస్తాడు. ఎవరూ ఆగక్కర్లేదు.

ఈ మాట నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు ఏ నూనె వాడాలో ఫోన్ చెప్పేస్తుంది, ఎవర్నీ అడిగే పనే లేదు... కానీ "నీ కోసం కాదులే" అంటూ మన కోసం ఆగే మనుషులే కరువయ్యారు. మీకెవరైనా అలా ఆగారా? గుర్తొస్తే కింద రాయండి... ఇవాళంతా కూర్చుని చదువుకుంటాను.