కోడి కోసం యాభై సంతకాలు
నేను చేసిన తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి గానీ, ఒక కోడిని వెంటేసుకెళ్ళి అమెరికాలో మా ఊరు కాపెల్‌లోని తెలుగువాళ్ళ మధ్య పరువు పోగొట్టుకున్న వైనం ముందు అవన్నీ దిగదుడుపే. చెబుతాను, నవ్వుకోండి.

అమెరికా వచ్చిన కొత్త. గుడ్లు పెట్టే కోళ్ళని రెక్క విప్పే చోటైనా లేని బోనుల్లో కుక్కుతారని తెలిసి తల్లడిల్లిపోయాను. చిన్నప్పుడు మా పెరట్లో మట్టి గీరుకుంటూ తిరిగిన కోళ్ళ మీద బెంగ పట్టుకుంది. మా ఊరి తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లకి ఆరుబయట తిరిగే కోళ్ళ గుడ్లే కొనాలని పిటిషన్ రాశాను. యాభై సంతకాలు తెస్తే సరేనంది కమిటీ. వారం తిరిగితే వచ్చింది ఒక్కటే, అదీ మా ఆయనది.

కోడిని కళ్ళారా చూస్తే గానీ మనవాళ్ళు కరగరనిపించింది. ఒక ఫామ్ ఆవిడని బతిమాలి, సాయంత్రానికి క్షేమంగా అప్పజెబుతానని మాటిచ్చి, ఎర్రకోడిని పిక్నిక్‌కి తెచ్చాను. బోనులు వద్దని చెప్పడానికి కోడిని బోనులోనే తెచ్చానని మీరు ముసిముసిగా నవ్వడం నాకు తెలుస్తూనే ఉంది. బోను పక్కనే సంతకాలకని ఒక తెల్లకాగితం పెట్టాను.

"అబ్బ, నాటుకోడిని చూసి ఎన్నేళ్ళయిందో!" అంటూ జనం ఎగబడ్డారు. అరగంటలో కాగితం నిండిపోయింది. గర్వంగా చదివాను. 'వెంకట్: లెగ్ పీస్.' 'శిరీష: పిల్లలకి కారం తక్కువ.'

"ఏంటి వెంకట్ ఇది?"

"ఎవరికేం కావాలో రాసే సైనప్ షీట్ కదక్కా? పులుసు ఎన్నింటికి?"

"పులుసేంటి? కోళ్ళని బాగా చూడాలని సంతకాలు!"

"అంటే లంచ్‌కి కాదా?" అన్నాడు, పాపం, నిజంగా ఏడుపుమొహంతో. ఒక్క కోడి ఇంతమందికెలా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. మిగతావి కార్‌లో ఉన్నాయనుకున్నారట!

ఇటు తిరిగేసరికి బోను ఖాళీ. పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తి చూస్తే, రిటైరైన డాక్టర్ మూర్తి అంకుల్ చెట్టు కింద బెంచీ మీద కోడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"అంకుల్, దాన్నేం చెయ్యకండి!"

"ఏం చేస్తానమ్మా? ఊరికే పట్టుకోవాలనిపించింది. మా అమ్మ సాయంత్రం కోళ్ళని పేరుపేరునా పిలిచి గంప కింద మూసేది. యాభై ఏళ్ళయింది, ఈ వెచ్చదనం మళ్ళీ ఇవాళే." ఆయన కోడి వీపు నిమిరారు. నాకు కన్నీళ్ళాగలేదు.

ఆయనే లేచి అందరినీ కేకేసి, కొత్త కాగితం మీద దగ్గరుండి సంతకాలు పెట్టించారు. యాభై రెండు!

కోడిని తిరిగి బోనులో పెట్టి మూస్తూ అడిగాను, "మరి ఆ కోళ్ళన్నీ చివరికేమయ్యాయంకుల్?"

"ఏమవుతాయి? పండక్కోటి వండేసేది." ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఆ పులుసు, గారెలు..."

ఇద్దరం ఒక్కసారే గుటక వేశాం.

కనుక సకల కుక్కుటజాతి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. కోళ్ళ కోసం ఎన్ని పోరాటాలైనా చేస్తాను గానీ, భోజనానికి ముందు మాత్రం చెయ్యను. వాళ్ళ సంగతి సరే, నన్ను నేనే నమ్మలేను.