లేని డ్రైవు కోసం

హోసూరులో నాది పెళ్లిపత్రికలు అచ్చేసే షాపు. ఆ మధ్య షాపు ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ చెడిపోతే కొత్తది వేయించినాను. డిజైన్ సాఫ్ట్‌వేర్ మాత్రం మళ్లీ ఎక్కనని మొండికేసింది. ఒకరోజు రైల్లో పోతా కూడా దాన్ని ఒళ్లో పెట్టుకొని అదే తంటా. ఎన్నిసార్లు నొక్కినా 'డి డ్రైవు కనబడలేదు' అనే ఎర్రరే. విసుగొచ్చి మూత ఠపీమని వేసినాను.

ఎదుట చామంతిపూల గంపతో కూర్చున్న పెద్దామె, "ఏమైందప్పా?" అనింది.

"పాత డిస్కు పోయిందమ్మా. కొత్తది పెట్టినా ఇది ఇంకా పాతదాన్నే వెతుకుతా ఉంది."

"అయ్యో పాపం, అది పోయిందని దీనికెవురూ చెప్పలేదేమో. యాడుంది ఆ పాతది?"

సంచిలోంచి తీసిచ్చినాను. "దీంట్లో ఏముండె?" అనడిగింది.

"మా అమ్మ పాడిన పాటలు."

ఆమె, ఆయుధ పూజనాడు మిషన్లకు పెట్టినట్టు, గంపలోంచి ఒక చామంతి తీసి డిస్కు మీద పెట్టి, రెండు చేతులా నాకు అందించింది. రాయకోట స్టేషన్లో గంపెత్తుకొని దిగిపోయింది.

తర్వాత సెట్టింగుల్లో డి డ్రైవుకు పోయే పాత దారి చెరిపేస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కింది. డిస్కును మాత్రం పారేయలేకపోయినాను. ఇప్పటికీ ఆయుధ పూజకు షాపులో మిషన్లన్నిటికంటే ముందు, తిరగని ఆ డిస్కుకే పువ్వు పెడతాను.