ఆరు పరుపులు, పదకొండు మంది

ఆత్రేయ పెట్టిన బీచి క్యాంపు మూతపడి, మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున ట్రాక్టరెక్కి ఊళ్ళోకి వచ్చింది. వెదురు బొంగులు, తాటాకు తడికెలు, గుడారాలు, సోలారు దీపాలు, కొబ్బరిచిప్ప గరిటెలు, అన్నిటికన్నా పైన తాళ్ళతో కట్టిన ఇరవై రెండు పరుపులు.

ఊరి మొదట్లో రేకుల షెడ్డు ముందు కూర్చుని దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్న జాన్ బాషా తలెత్తి చూశాడు. తన కుట్టు ఎక్కడున్నా గుర్తుపడతాడు ఆయన. ముందు సంతోషమే వేసింది. రెండేళ్ళు ఉప్పుగాలి తిన్నా ఒక్క కుట్టూ విడలేదు. ట్రాక్టరు గతుకులో ఎగిరినప్పుడు మాత్రం ఒక పరుపు మూలన ఎర్రదారం ముడి కనిపించింది. ఆ వెనకే ఇంకొకటి. దబ్బనం వేలిలో దిగింది.

ఎర్రముడి సంగతి తెలియాలంటే ముందు బాషా సంగతి తెలియాలి.

వాళ్ళది దూది ఏకే వంశం. తాత భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగాడు. తండ్రి మోటారు మిషను కొన్నాడు. బాషా దగ్గరికి వచ్చేసరికి మిషను మిగిలింది, బేరాలు పోయాయి. చుట్టూ కనుచూపు మేర పత్తి. ఆ పత్తి అమ్మి, ఆ డబ్బుతో స్పాంజి పరుపు కొని, దాని మీద చెమటలు కక్కుతూ పడుకోవడం ఈ కాలపు వ్యవసాయం. అరవై ఒకటో ఏట బాషాకు పోటీ లేకుండా మిగిలిన పని ఒక్కటే: పోయినవాళ్ళ పరుపులు. ఎవరైనా మంచంలో కన్నుమూస్తే ఆ పరుపు ఇంట్లో ఉంచరు. దినం అయ్యేలోపే బాషాకు కబురొస్తుంది. పెరటి గుమ్మంలో నిలబెట్టి, “ఎక్కడైనా పారెయ్ బాషా, మా కళ్ళబడకూడదు” అంటారు.

“కాలవలో కలిపేస్తానండి” అనేవాడు బాషా. యాభై ఏళ్ళుగా అదే మాట. ఒక్కసారీ కలపలేదు. కాలవ దాకా మోసుకెళ్ళేవాడు కూడా కాదు. దూదిని పారేసినవాడు తమ ఇంట పుట్టినట్టే కాదని తాత చెప్పిన మాట. అందుకని పరుపు విప్పి, నాలుగెండలు చూపించి, మిషనులో వేసి ఏకి, దుమ్ము దులిపి, తెల్లగా మేఘంలా చేసి గోతాల్లో కుక్కి పెట్టేవాడు. దేనికని అడిగితే ఆయన దగ్గరా జవాబు లేదు.

ఆ జవాబు ఆత్రేయ రూపంలో వచ్చింది. ఆ ఊరి లెక్కల మాస్టారు జానకిరామయ్య గారికి మేనల్లుడు. హైదరాబాదులో ఉద్యోగం మానేసి, చీరాల దాటాక సముద్రపొడ్డున పర్యావరణానికి హాని చెయ్యని క్యాంపు పెట్టాడు. పేరు ‘ఇసుక గూడు’. ఫ్యాను ఉండదు, టీవీ ఉండదు, చేదబావి నీళ్ళు, ఆకులో అన్నం. దానికి ఒక రోజుకి ఆత్రేయ పుచ్చుకునే సొమ్ము విని, ఈ ఊళ్ళో జనం తాము పుట్టినప్పటి నుంచీ ఎంత ఐశ్వర్యంలో బతుకుతున్నారో మొదటిసారి తెలుసుకున్నారు.

“పాత దూది ఉందా బాషా గారూ?” అని అడిగాడు ఆత్రేయ. “వాడిన దూదినే మళ్ళీ వాడితే మా క్యాంపుకొచ్చేవాళ్ళు ఇంకా గౌరవిస్తారు.”

తాత ముత్తాతల నుంచి చేస్తున్న పనే అది. ఇన్నాళ్ళూ దాన్ని లేనితనం అన్నారు గానీ గౌరవం అని ఎవరూ అనలేదు.

“ఉందండి. బాగా అనుభవమున్న దూది” అన్నాడు బాషా.

పదహారు పరుపులకు కొత్త దూది కూరాడు. ఆరింటికి గోతాలు ఖాళీ చేశాడు. ఆ గోతాల్లో ఎలకలు తినగా మిగిలింది, ఈ మధ్య ఊళ్ళో పోయిన పదకొండు మంది పరుపుల దూది. ఎందుకైనా మంచిదని ఆ ఆరింటికీ మూలన ఎర్రముడి వేశాడు. అక్కడ పడుకునేది హైదరాబాదువాళ్ళు, బెంగుళూరువాళ్ళు. వాళ్ళకి ఈ ఊరి చావులతో సంబంధం లేదు. పోయినవాళ్ళకీ నాలుగు రోజులు సముద్రపు గాలి తగులుతుంది. ఇదీ బాషా లెక్క.

రెండేళ్ళు తిరిగేసరికి ఆత్రేయకు సర్కారు కాగితం వచ్చింది. అలలొచ్చే గీతకు ఇవతల కట్టాల్సిన గుడిసెలు అవతల కట్టాడట. గీత ఎక్కడుందో అలలకే తెలియదు, ఆత్రేయకేం తెలుసు? క్యాంపు విప్పి మేనమామ ఇంటికి తోలించి, “మామయ్యా, ఎవరికి కావలసింది వాళ్ళకివ్వండి” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఊరు ఆ పని శ్రద్ధగా చేసింది. మిరపకాయలు ఎండబెట్టే కల్లాల్లో టార్పాలిన్ పట్టాలకు బదులు గుడారాలు పరిచారు. సోలారు దీపాలు గేదెల కొట్టాల్లో వెలిగాయి. ‘ఇక్కడి నుంచి జ్ఞాపకాలు తప్ప ఏమీ తీసుకువెళ్ళకండి’ అని చెక్కిన బోర్డు చెంచురామయ్య మేకల దొడ్డికి తలుపయింది. చీకటిపడేలోపు పరుపులన్నీ పోయాయి. ఎర్రముడివి అయిదు అయిదిళ్ళలోకి, ఆరోది జానకిరామయ్య మాస్టారి పడకగదిలోకి.

ఆ రాత్రి బాషా కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

“ఏందయ్యా ఆ మొహం?” అంది భార్య నసీమున్నీసా. “నీ పరుపులు నీ ఊరికొచ్చినయ్యిగా.”

“ఎర్రముడివి కూడా వచ్చినయ్యే.”

ఆమె గరిటె కింద పెట్టింది. “పదకొండు మందీ వచ్చారా?”

“వచ్చారు. మాస్టారింట్లో ఒక పరుపు దిగింది.”

“అయ్యో! ఆ ఇంట్లోనా? దక్షిణామూర్తి గారి ఇంట్లో?”

దక్షిణామూర్తి గారు మాస్టారి తండ్రి. పోయి నాలుగేళ్ళయింది. బాషా చేతి చిల్లర మీద నీళ్ళు చల్లి గానీ తీసుకునేవాడు కాదు. ఆయన నీడ మీద కాలేసినందుకు ఒక కుక్క చేత క్షమాపణ చెప్పించబోయాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

“కాలవలో కలిపేస్తానని నోటితో ఎందుకన్నావు?” అంది నసీమున్నీసా. “చూస్తాన్లెండి అంటే పోయేదిగా. ఎవరూ చూడమని వెంటపడేవాళ్ళు కాదు.”

“ఇప్పుడేం చెయ్యమంటావు?”

“చెప్పెయ్.”

“చెబితే ఈ ఊళ్ళో నా చేతికి తలగడ కూడా ఇవ్వరు. యాభై ఏళ్ళు నమ్మారు.”

“చెప్పబాక అయితే.”

“చెప్పకపోతే ఎట్టా? మూడు పొద్దులా సంధ్య వార్చే మనిషిని చావు మైల మీద పడుకోబెట్టానాయె.”

“అయితే అన్నం తిను” అంది ఆమె. “రెండూ కుదరనప్పుడు చెయ్యగలిగింది అదే.”

మర్నాడు బాషా మాస్టారి అరుగెక్కాడు.

“మాస్టారూ, ఆ పరుపు ఉప్పుగాలి తిన్నదండి. కొత్తది కుట్టి తెస్తా, అది ఇచ్చెయ్యండి.”

“ఎందుకయ్యా?” అన్నారు జానకిరామయ్య. “ఆరేళ్ళుగా లేని నిద్ర నిన్న రాత్రి పట్టింది. నడుముకి దూది పరుపే మందని ఒంగోలు డాక్టరు ఊరికే చెప్పలేదు.”

“నల్లులుంటయ్యేమో అని...”

లోపలి నుంచి మాస్టారి భార్య బాలసరస్వతి గారు వచ్చింది. “సాయంత్రం దాకా ఎండలో వేశాకే లోపలికి తెచ్చాను బాషా. నల్లి కాదు, నల్లి నీడ కూడా లేదు.”

“అయినా కొత్తది కొత్తదేగా అమ్మగారూ.”

“కొత్తదానికి ఎంత పుచ్చుకుంటావు?”

“ఏం వద్దండీ.”

అక్కడ దెబ్బతిన్నాడు. ఏదో ఒక ధర చెప్పి ఉంటే బేరమాడి వదిలేసేవాళ్ళు. ఊరికే ఇస్తాననేసరికి భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మీదట బాషా ఎర్రముడి ఉన్న మిగతా ఇళ్ళకీ వెళ్ళాడు. అయిదిళ్ళలోనూ అదే మాట, అదే ‘వద్దండీ’. చివరి ఇంటివాళ్ళయితే తలుపు వేసుకుని గడియ కూడా పెట్టారు.

శుక్రవారానికి కల్లాల్లో కథ తయారైంది. ఆ క్యాంపులో దిగిన పెద్దమనిషి ఎవరో పరుపులో బంగారం దాచాడట. ఎర్రముడి అందుకు గుర్తట. బాషాకు తెలుసట. ఒకరు బిస్కెట్లన్నారు, ఒకరు వడ్డాణమన్నారు. కాయలు ఏరే ఆడవాళ్ళు దాని బరువు కూడా తేల్చేశారు.

చెంచురామయ్య ఆగలేకపోయాడు. తన ఇంటికొచ్చిన ఎర్రముడి పరుపు కల్లంలోకి ఈడ్చి కొడవలితో నిలువునా కోశాడు. గాలి అప్పుడే లేచింది. దూది లేచి ఎర్రటి మిరపకాయల మీద మంచులా పరుచుకుంది. దాన్ని చేతులతో వెతకబోతే కారపు ఘాటు పైకి లేచి కల్లం మొత్తం తుమ్ములందుకుంది. మేకలు కూడా తుమ్మాయి. బంగారం మాత్రం దొరకలేదు.

“ఏరా బాషా! ఏది?” అని షెడ్డు వైపు తిరిగి అరిచాడు చెంచురామయ్య, కళ్ళు తుడుచుకుంటూ. తుడిచిన చేతికీ కారమే. ఇంకా గట్టిగా అరిచాడు.

కబురు వినగానే బాషా మాస్టారింటికి పరిగెత్తాడు. అప్పటికే వసారాలో పరుపు బోర్లా వేసి ఉంది. బాలసరస్వతి గారు కూరల కత్తి పట్టుకుని కూర్చుంది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఎక్కడ కొయ్యాలో వేలితో గీత చూపిస్తున్నారు, బోర్డు మీద లంబం గీసినట్టు.

“కొయ్యబాకండి అమ్మగారూ! అందులో బంగారం లేదు.”

“మరి ఏముంది?”

బాషా ఆయాసంతో మెట్టు మీద కూర్చున్నాడు. “పోయినోళ్ళున్నారండి.”

కత్తి ఆగిపోయింది. కాలవ మాట, గోతాల మాట, ఆత్రేయ అడిగిన మాట, అంతా వరసగా చెప్పేశాడు. కల్పించడానికి ఊపిరి లేదు కాబట్టి ఉన్నదే చెప్పాడు.

జానకిరామయ్య కళ్ళజోడు తీసి పంచెతో తుడిచారు. ఆ తర్వాత మెల్లిగా అడిగారు: “అయితే ఇది మా నాన్నగారి పరుపా?”

ఆయన మొహంలో కోపం లేదు. ఒక లెక్కకు దారి కనిపించినప్పటి ఆశ ఉంది. “నాలుగేళ్ళు దాటింది. సంవత్సరీకాలన్నీ అయ్యాయి. కన్నతండ్రి పడుకున్న దూది కొడుక్కి మైల అవుతుందని ఏ శాస్త్రంలోనూ ఉన్నట్టు లేదు. నాన్నగారిదే అయితే, నేను పెద్దగా ఆక్షేపించను బాషా. నాన్నగారిదేనా?”

ఒక్క ‘అవును’ చాలు. మాస్టారికి నడుమూ దక్కుతుంది, ధర్మమూ దక్కుతుంది, బాషాకు ఊరు దక్కుతుంది. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అట్లాంటి తేలిక మాట ఒకటి యాభై ఏళ్ళుగా అంటే ఏమయిందో ఈ వారమంతా చూశాడు ఆయన.

“కొంతండీ” అన్నాడు.

“కొంత ఏమిటయ్యా?”

“గోతాలన్నీ కుమ్మరించి మళ్ళీ ఒకేసారి ఏకాను మాస్టారూ. ఆరింట్లోనూ అందరూ ఉన్నారు. ఒక పాలు నాన్నగారు. పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర పనిచేసిన చెన్నయ్య ఒక పాలు. కల్లు దుకాణం సాంబయ్య. మిరపకోతల మేస్త్రి దావీదు. చీమకుర్తి క్వారీలో దెబ్బతిని వచ్చి మంచాన పడ్డ చాకలి గురవయ్య. మా మేనత్త ఖాసింబీ...”

“చాలు” అన్నారు మాస్టారు.

“విడదీయడం నా వల్ల కాదండి. ఎవరి వల్లా కాదు. ఏకాక దూది అంతా ఒకటే.”

బాలసరస్వతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు బాషా. భుజాలు ఎగురుతుంటే అర్థమైంది, ఏడుపు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు మామగారి మడి మోసిన మనిషి ఆమె. తడిబట్ట ఆరేసిన తాడుకి గాలి తగిలినా మళ్ళీ తడిపించేవాడు ఆయన. ఆ మామగారు ఇప్పుడు కల్లు సాంబయ్యకీ ఖాసింబీకీ మధ్య సర్దుకుని పడుకున్నాడు.

“నవ్వకు” అన్నారు జానకిరామయ్య. ఆయన లేచి నూతి దగ్గరికి వెళ్ళారు. మనిషికొక బిందె చొప్పున పోసుకున్నట్టున్నారు, చాలాసేపు చప్పుడు వినిపించింది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. రెండిళ్ళవాళ్ళు పరుపులు తెచ్చి షెడ్డు ముందు విసిరి, అరుగు మీద ఉమ్మి వెళ్ళారు. చెంచురామయ్య మాత్రం గోతంలో ఏరుకొచ్చిన దూది పట్టుకుని వచ్చాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. “మా అమ్మ ఉందట్రా ఇందులో?” అన్నాడు.

“ఉంది.”

“ఒక్క అమ్మని ఇవ్వరా. మిగతా ఊరంతా నాకెందుకు?”

“కుదరదు చెంచురామయ్యా. ఇప్పుడు కారం కూడా కలిసింది.”

చెంచురామయ్య తిట్టాడు. తిట్టి, గోతం అక్కడే పెట్టి, “ఊరికే కుట్టివ్వాలి” అని చెప్పి పోయాడు.

తర్వాత నాలుగు రోజులు షెడ్డు దగ్గరికి మనిషి రాలేదు. పరుపు కాదు కదా, చిరిగిన తలగడ గలీబు కూడా రాలేదు. నసీమున్నీసా పూటపూటకీ కంచం పెట్టి “తిను” అంది. మిషను పాతసామాన్లవాడికి ఇస్తే ఎంత జాగా మిగులుతుందో, అందులో ఏం పెట్టుకోవచ్చో ఆలోచించాడు. ఏమీ తోచలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ జాగాలో మిషను తప్ప ఇంకోటి చూసిందీ లేదు.

అయిదో రోజు పొద్దున ఆటో ఒకటి వచ్చి ఆగింది. పైన తాళ్ళతో పరుపు. లోపల బాలసరస్వతి గారు.

“మాస్టారు ఎట్టా ఉన్నారమ్మగారూ?” లేచి నిలబడ్డాడు బాషా.

“వంగి ఉన్నారు. నాలుగు రోజులుగా చాప మీద పడుకుంటున్నారు, ఇప్పుడు నిటారుగా నిలబడలేరు. పుస్తకాలన్నీ తిరగేశారు. చెప్పుల గురించి ఉంది, చేటల గురించి ఉంది. ఏకిన దూది గురించి ఎక్కడా రాయలేదట. ఎవరికీ తోచలేదు కాబోలు.”

“నాదే తప్పండి.”

“తప్పే. కాలవలో కలుపుతానని చెప్పి గోతంలో పెట్టడం తప్పు కాక ఒప్పా? మళ్ళీ ఎవరింటి పరుపు తీసుకున్నా, పారేస్తానని అనకు. ఏకుతానని చెప్పు. ఇష్టముంటే ఇస్తారు, లేకపోతే వాళ్ళే మోసుకెళ్ళి పారేసుకుంటారు.” ఆమె బెంచీ మీద కూర్చుంది. “ఇప్పుడు దీన్ని నా ఎదురుగా విప్పి, మళ్ళీ ఏకి, కుట్టివ్వు. ఆయన దీని మీదే పడుకుంటారు.”

“ఆయనే పంపించారా?”

“అడ్డు చెప్పలేదు. ఆయన దగ్గర అదే ఎక్కువ.”

బాషా పరుపు దించి, కుట్లు విప్పి, దూది బయటికి లాగాడు. అట్టకట్టిందంతా వేళ్ళతో విడదీస్తూ, ఎందుకో ఆమె మొహం చూడకుండానే అన్నాడు:

“మాస్టారి మనసు కుదుటపడుతుందంటే, ఇది పక్కన పెట్టి కొత్త దూది కూరతానండి. షెడ్డులో మంచి పత్తి ఉంది.”

“ఏం అక్కర్లేదు” అంది బాలసరస్వతి గారు. “మా మామగారికి బతికినన్నాళ్ళూ పక్కన మనిషిని కూర్చోనిచ్చే యోగం లేదు. ఇప్పటికి కుదిరింది. నువ్వు విడదీయకు.”

బాషా మిషను బెల్టు సరిచేసి మోటారు మీట నొక్కాడు.